రెండు దెబ్బల పిలుపు

అనకాపల్లిలో లక్కోజు వీరభద్రాచారి ఇంటికి దారి అడిగితే ఎవరూ గుర్తులు చెప్పేవారు కాదు. వీధి మొదట్లో నిలబడి చెవి ఒగ్గితే చాలు, ఇల్లు అదే తెలుస్తుందనేవారు. ఆచారి గొంతు వినిపిస్తుందని కాదు. ఆయన గొంతెలా ఉంటుందో ఆ వీధిలో సగం మందికి తెలియదు. వినిపించేది ఆయన భార్య నూకరత్నం గొంతు. పాలు పలచబడినా, పక్కింటి పిల్లి గోడ దూకినా, కొళాయి ఆలస్యంగా వచ్చినా ఆవిడ ఊరుకునే మనిషి కాదు. కూరగాయల బండివాడు ఆ గుమ్మం ముందుకొచ్చేసరికి తక్కెడ ఒకసారి సరిచూసుకునేవాడు. ఎవరికీ భయపడని ఎలక్ట్రిక్ ఆఫీసువాళ్ళు కూడా మీటరు చూసుకుని చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేవారు.

ఆచారిది బంగారు పూత పని. గుడి కలశాలకూ, అమ్మవార్ల తొడుగులకూ, మకరతోరణాలకూ పాత పద్ధతిలో పూత వేసే చేయి ఆ చుట్టుపక్కల ఆయనదొక్కటే మిగిలింది. బంగారాన్ని పాదరసంతో కలిపి వెన్నలా నూరి, రాగిరేకు మీద పట్టించి కుంపటి మీద కాస్తే, పాదరసం ఆవిరైపోయి బంగారం రాగిని పట్టుకుని ఉండిపోతుంది. వీధి వసారాలో కూర్చుని పొద్దస్తమానం అదే పని. మనుషులంటే మాత్రం ఆయనకు చెప్పలేనంత సిగ్గు. గుడి పెద్దలు పని అప్పగించడానికి వస్తే చెవులు ఎర్రబడిపోయేవి, లోపలికి వెళ్ళి భార్యను పంపేవాడు. మాటలన్నీ ఆవిడవి, చేతులు ఆయనవి.

భార్యను పిలవాలన్నా ఆచారి నోరు విప్పేవాడు కాదు. ఎదురుగా ఉన్న ఇనప దాగలి మీద సుత్తితో రెండు దెబ్బలు కొట్టేవాడు. రోజంతా అదే దాగలి మీద వందల దెబ్బలు పడుతుండేవి, కానీ వాటిలో పిలుపు ఏదో నూకరత్నానికి ఇట్టే తెలిసిపోయేది. పని పూర్తయిన ప్రతి వస్తువునూ గుడివాళ్ళకంటే ముందు ఆవిడే చూడాలి, అది ఆయన పెట్టుకున్న పద్ధతి. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ, నోరు పడిపోయిందా అని సణుగుతూ వచ్చి, ఆ వస్తువును అటూ ఇటూ తిప్పి ఏదో ఒక వంక పెట్టి వెళ్ళిపోయేది. ఆయన తల వంచుకుని ఆ వంక సరిదిద్దేవాడు.

వాళ్ళకు ఒక్కతే కూతురు. పూత పనివాడి కూతురు కనుక తాతయ్య అపరంజి అని పేరు పెట్టాడు. ఒకే ఇంట్లో అమ్మ అలా, నాన్న ఇలా ఎందుకున్నారని అపరంజి చిన్నప్పుడే అడిగింది. అందరూ నవ్వారు గాని ఎవరూ జవాబు చెప్పలేదు. ఏదైనా సరే తెలిసేదాకా అన్నం సయించని పిల్ల కావడంతో ఆ ప్రశ్నను పట్టుకుని నరాల శాస్త్రం దాకా వెళ్ళింది.

విశాఖలో సముద్రానికి ఎదురుగా ఉన్న పరిశోధనశాలలో ఆమె పనిచేసే యంత్రం పేరు జాడ. ఆ పేరు పెట్టింది డాక్టర్ మెహరున్నీసా, అక్కడి నరాల వైద్యురాలు, అపరంజికి గురువులాంటి మనిషి. విషం సోకిన నరం సన్నటి పొట్టు రాల్చుతుంది. ఆ పొట్టు రక్తంలో కలుస్తుంది. ఎలుక కొరికిన బట్టనూ చెద తిన్న బట్టనూ చూడగానే చెప్పగలం కదా, అలాగే సీసం కొరికిన ముక్కనూ పాదరసం కొరికిన ముక్కనూ జాడ విడదీసి చెప్పగలదు. ఒక్క చుక్క రక్తంలోంచి ఆ ముక్కలన్నీ ఏరి, అవి మెదడులో ఏ మూల నుంచి రాలాయో, ఎంత పాతవో కలిపి తెర మీద ఒక బొమ్మ గీస్తుంది.

జాడకు తోడుగా విడుపు అనే మందు కూడా తయారైంది. నాలుక కింద వేసుకునే చుక్కలు అవి. నరాలను పట్టుకుని వదలని లోహాన్ని నెమ్మదిగా విడిపిస్తాయి. దాన్ని అందరికంటే ముందు తీసుకున్నవాడు ఎక్కడో ఒక థర్మామీటర్ల కార్ఖానాలో చాలాకాలం పనిచేసిన మనిషి. చేతుల వణుకు పోయింది, నిద్ర పట్టింది, తలెత్తుకుని నడిచాడు. అంతా సంబరపడుతుండగా అతని భార్య వచ్చి మెహరున్నీసా ఎదుట కూర్చుంది. మా ఆయన బాగయ్యాడు మేడం, కానీ ఈ బాగైనాయన ఎవరో నాకు తెలియడం లేదు అని ఏడ్చింది. పాపం, ఆ సంవత్సరమే వాళ్ళు విడిపోయారు. అప్పటినుంచి మెహరున్నీసా మందు ఇచ్చేముందు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి మాట్లాడడం మొదలుపెట్టింది.

తర్వాతి పరీక్షలకు జంటలు కావలసి వచ్చాయి. విషంతో పని చేసే మనిషి ఒకరు, అదే ఇంట్లో అదే నీళ్ళు తాగి అదే తిండి తిని విషం జోలికి పోని మనిషి ఒకరు. అలాంటి ఇల్లు ఎక్కడ దొరుకుతుందని అందరూ తలలు పట్టుకున్నప్పుడు అపరంజికి తన ఇల్లే గుర్తొచ్చింది. నాన్న పాదరసంతో పని చేస్తాడు. అమ్మ పనిచోట కూర్చోదు, కుంపటి రగులుతున్నంతసేపూ ఆ దరికి ఆడవాళ్ళు రాకూడదని నాన్నమ్మ కాలం నుంచీ కట్టుబాటు. ఇంతకంటే సరిపోయే జంట ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంటికి వచ్చి రక్తం తీయడానికి నాన్న చేతికి సూది గుచ్చుతున్నప్పుడు ఆమె ఒక సంగతి గమనించింది. ఆయన చేయి ఆగడం లేదు. వణుకు ఉందని తెలుసు గాని ఇంత ఉందని తెలియదు. దాగలి పక్కన గుడ్డ కప్పి ఒక వెండి తొడుగు ఉంది. ఊరి అమ్మవారి ముఖం. ముక్కు, పెదవులు, చెంపలు అన్నీ అయ్యాయి, కళ్ళు మాత్రం దిద్దలేదు. కళ్ళు దిద్దడం అంటే ఒక్క గీత అటూ ఇటూ పోకూడదు. ఎన్నాళ్ళ నుంచి అలా ఉందని అడిగితే ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చాన్నాళ్ళయిందని నూకరత్నమే చెప్పింది. అంతటితో ఆగకుండా సూది అంత లోతుగా గుచ్చడం ఎవరు నేర్పారని కూతుర్ని కూడా నాలుగు దులిపింది.

ఆచారి బొమ్మ అనుకున్నట్టే వచ్చింది. తెర మీద నల్లటి ముడులు, వేళ్ళను నడిపించే చోట కొన్ని, భయాన్నీ బెరుకునీ పుట్టించే చోట కొన్ని. మెహరున్నీసా వాటిని వేలితో చూపిస్తూ, పాదరసం పట్టిన మనిషి మొదట జనం నుంచి తప్పుకుంటాడనీ, ఎదుటివాడు చూస్తుంటే పని చేయలేడనీ, ముఖం ఎర్రబడుతుందనీ, మాట తగ్గిపోతుందనీ చెప్పింది. అపరంజికి, తన పెళ్ళిచూపులు జరిగిన రోజు నాన్న పెరటి తలుపు చాటున నిలబడిపోవడం గుర్తొచ్చింది. వీధంతా ఆయన్ను సాధువు అంటుంది. ఆ సాధుగుణం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెర మీద మచ్చలై కనిపిస్తోంది.

తర్వాత నూకరత్నం రక్తపు చుక్క జాడలో పెట్టారు. బొమ్మ గీయడం మొదలైన కాసేపటికే మెహరున్నీసా ఆపేసి, గొట్టాలు తారుమారయ్యాయేమో చూడమంది. అవ్వలేదు. మళ్ళీ రక్తం తెచ్చి మళ్ళీ పెట్టారు. అదే బొమ్మ. ఆచారి కంటే చిక్కటి ముడులు, అదే పాదరసం. కోపాన్ని అదుపు చేసే చోట ఎక్కువ. నిద్రకు సంబంధించిన చోట కూడా. జ్ఞాపకాలుండే చోటికి అంచున, ఇప్పుడిప్పుడే పాకుతున్న మచ్చ.

"ఒకే విషం. ఒకరి నోరు మూసింది, ఒకరి నోరు తెరిచింది," అంది మెహరున్నీసా. జ్ఞాపకాల చోట ఉన్న మచ్చ మీద వేలు పెట్టింది. "అపరంజీ, ఈ అంచు చూడు. ఇలాగే వదిలేస్తే రెండు మూడేళ్ళలో మీ అమ్మ మనుషుల్ని మరిచిపోవడం మొదలుపెడుతుంది. మొదట పేర్లు పోతాయి, తర్వాత ముఖాలు."

అమ్మ పని దగ్గరకే రాదు కదా అని అపరంజి మాటిమాటికీ అంటూనే ఉంది. మెహరున్నీసా, నీ చుక్క కూడా ఒకటి ఇవ్వు అంది.

గాలిలో పాదరసాన్ని పసిగట్టే చిన్న పరికరం ఒకటి వాళ్ళ దగ్గర ఉంది. శాలలో దాన్ని ముక్కు అంటారు. ఆ ఆదివారం అపరంజి ముక్కును పట్టుకుని ఇల్లంతా తిరిగింది. వసారాలో పెద్దగా ఏమీ లేదు, నాలుగు వైపులా గాలి ఆడుతుంది మరి. పడకగదిలో లేదు. పెరట్లో లేదు. వంటింటి గుమ్మం దాటగానే అంకె కదిలింది. పొయ్యి వైపు వెళ్ళేకొద్దీ పెరిగింది. పొయ్యి వెనక మూలకు వచ్చేసరికి ముక్కు ఆగకుండా కూయడం మొదలుపెట్టింది. అక్కడ మసిబారిన కుండ ఒకటి ఉంది, మూతికి పసుపు రాసి ఉంది.

ఆ కుండను అపరంజి పుట్టినప్పటి నుంచీ చూస్తూనే ఉంది. సాయంత్రం పని ఆపాక నూకరత్నం పనిచోటు ఊడ్చి ఆ బూడిదంతా అందులో పోస్తుంది. బంగారు పని చేసే ఇంట్లో ఊడ్చిన చెత్తను ఎవరూ పారేయరు. అందులో కంటికి కనిపించని బంగారం ఉంటుంది. ఏడాదికోసారి చెత్త కడిగేవాళ్ళు వచ్చి దాన్ని తీసుకుపోయేదాకా భద్రంగా ఉంచాలి. చెమ్మ తగలకూడదు, పరాయివాళ్ళ చేయి పడకూడదు. అందుకే పొయ్యి పక్కన పెట్టారు. బంగారంతో పాటు ఆ బూడిదలో పాదరసం కూడా ఉంటుందనీ, పొయ్యి సెగకు అది రోజూ కొంచెం కొంచెం లేస్తుందనీ ఎవరికి తడుతుంది? అదే పొయ్యి ముందు పీట వేసుకుని అపరంజి ఎక్కాలు నేర్చుకుంది. చలికాలం వెచ్చగా ఉంటుందని అక్కడే నిద్రపోయేది కూడా.

సంగతి చెప్పేసరికి నూకరత్నం అరుస్తుందనుకుంది అపరంజి. ఆవిడ అరవలేదు. కుండ వంక చాలాసేపు చూసింది.

"మీ నాన్నమ్మ అప్పజెప్పింది నాకు. లక్ష్మీదేవమ్మా ఇది, పొయ్యి పక్కనే ఎట్టుకో, కళ్ళకద్దుకుని తియ్యి అంది," అంది. కొంతసేపటికి మళ్ళీ తనే అడిగింది. "అయితే నా కోపం నాది కాదేటి?"

వసారాలోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ ఆచారి ఆ మాట విన్నాడు. కూతురు ఆయన బొమ్మ గురించీ చెప్పింది, విడుపు గురించీ చెప్పింది. దాచడానికి మనసొప్పక ఆ థర్మామీటర్ల మనిషి సంసారం గురించి కూడా చెప్పింది. మందు తీసుకోకపోతే ఏమవుతుందో చెప్పేటప్పుడు మాత్రం అమ్మ ముఖంలోకి చూడలేకపోయింది.

నూకరత్నం వద్దంది. తన సంగతి సరే, ఆయనకు అసలే వద్దంది. ఆ కోపానికి జడిసే ఈ ఊళ్ళో ఒక్కడూ ఆయన్ని మోసం చేయలేదని, ఆ కోపంతోనే ఆడపిల్లకు చదువెందుకన్న చుట్టాల నోళ్ళు మూయించి కూతుర్ని ఇంతదాన్ని చేశానని, అది తీసేస్తే తన దగ్గర ఇంకేం మిగులుతుందని అడిగింది. ఆవిడ అసలు భయం అది కాదని అపరంజికి తెలుస్తూనే ఉంది. చివరికి ఆ మాట కూడా బయటికి వచ్చింది.

"ఈ మనిసిని చూసుకునే కదే నేను ఇన్నాళ్ళూ బతికినాను. రేపు మందేసుకుని లేచినోడు ఈయనే అని ఏటి నమ్మకం? నేను కాపురం చేసింది మీ నాన్నతోనా, ఆ సీసాలో పాదరసంతోనా?"

జాడ ఎంత నేర్పుగా బొమ్మ గీసినా విషం ఎక్కడుందో చూపిస్తుందే గాని, మనిషి ఎక్కడున్నాడో చూపించదు. ఆ మాట మనసులో అనుకుని ఆమె సిగ్గుపడింది.

అప్పుడు ఆచారి మాట్లాడాడు. తండ్రి అంత పొడుగు మాట అనడం అపరంజి అంతకుముందు వినలేదు. చెవులు ఎర్రగా, చూపు నేల మీద, వణుకుతున్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చెప్పాడు.

"చిన్నప్పుడు మా నాన్న పక్కన కూకుని పని మొదలెట్టాను. అంతకుముందు నేనెలగుండేవోణ్ణో నాకు గుర్తు లేదు. నాకూ ఒకసారి చూడాలనుంది, రత్నం. నేనెవరో."

భార్యను ఆయన పేరు పెట్టి పిలవడం కూడా అదే మొదటిసారి. నూకరత్నం లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి కళ్ళు కడుక్కుని వచ్చి, ఆయనొక్కడే మారితే తను వెనక మిగిలిపోతుంది కనుక వేసుకుంటే ఇద్దరం కలిసే వేసుకుంటామని చెప్పింది. కొత్తవాళ్ళమైతే ఇద్దరం ఒకేసారి అవుదాం అంది. ఆ మాట వసారాలోకి వినిపించేలా గట్టిగానే అంది.

శాలవాళ్ళు వచ్చి కుండకు మూత బిగించి పట్టుకుపోయారు. వంటింటి గోడలు గీకించి సున్నం వేయించారు. ఆచారి పూత పని మానేసి ఇక చెక్కడం పని మాత్రమే చేయాలని ఒప్పందం. మందు చుక్కలు మొదలయ్యాయి. అపరంజి రక్తపు చుక్క కూడా ఆ రోజుల్లోనే తెరకెక్కింది. పలచటి బొమ్మ, కొన్ని ముడులే, కానీ అన్నిటికంటే పాతవి. కొన్ని ఆమె పుట్టకముందు, అమ్మ కడుపులో ఉన్నప్పటివి. ఏదైనా తెలిసేదాకా మనసును నిలవనివ్వని చోటనే అవి ఉన్నాయి. మెహరున్నీసా మందు సీసా ఒకటి ఆమె బల్ల మీద పెట్టింది. అపరంజి దాన్ని సొరుగులో పెట్టి మూసేసింది. ఈ కుతూహలం కూడా ఆ కుండలోదే అయితే, అది పోయాక తను ఏ మొహం పెట్టుకుని ఈ శాలకు రావాలి? అమ్మానాన్నలకు ధైర్యం చెప్పినంత తేలిగ్గా తనకు చెప్పుకోలేకపోయింది. అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మార్పు ఒక్కసారిగా రాలేదు. మొదట ఆచారి చేతుల వణుకు తగ్గింది. ఒక పొద్దున ఆయన తనంతట తాను వీధి చివరి టీ కొట్టుకు వెళ్ళి కూర్చున్నాడు. కొట్టువాడు కంగారుపడి ఇంట్లో అంతా క్షేమమేనా అని అడిగాడట. నెల తిరిగేసరికి ఆచారి అక్కడ క్రికెట్ గురించి వాదించసాగాడు. తనకు ఆట గురించి తెలిసింది తక్కువే అయినా వాదన మాత్రం వదిలేవాడు కాదు. గుడి కమిటీ పెద్దమనిషి పని ఆలస్యమైందని విసుక్కుంటే, చేతకాకపోతే మీరే దిద్దుకోండి అనేశాడట. ఆ సంగతి వీధిలో చాలారోజులు చెప్పుకున్నారు.

నూకరత్నం మాత్రం నిద్రపోసాగింది. మధ్యాహ్నం కూడా నిద్రపోయేది. కొళాయి రాకపోతే రాలేదు అనుకుని ఊరుకునేది. కూరగాయల బండివాడు రెండు రోజులు వరసగా పుచ్చు వంకాయలు ఇచ్చి చూశాడు. ఆవిడ ఏమీ అనలేదు. మూడోరోజు వాడికే భయం వేసి, అమ్మగారికి ఒంట్లో బాగాలేదా అని పక్కింట్లో ఆరా తీశాడు.

మెహరున్నీసాకు ఆ బొమ్మలు చూసి పట్టరాని సంతోషం. ముడులు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. నూకరత్నం జ్ఞాపకాల అంచున ఉన్న మచ్చ వెనక్కు తగ్గింది. అపరంజి మాత్రం మాటిమాటికీ ఇంటికి ఫోన్ చేసేది. నాన్న గొంతు ఫోన్లో గలగలమని వినిపించేది. అమ్మ, బాగానే ఉన్నాం అని చెప్పి పెట్టేసేది.

ఉండబట్టలేక ఒకరోజు అపరంజి అనకాపల్లి వెళ్ళేసరికి పొద్దున పదవుతోంది. అమ్మ పెరట్లో చిక్కుడు పందిరి కింద ఊరికే కూర్చుని ఉంది. ఆ మనిషి ఊరికే కూర్చోవడం అపరంజి అంతకుముందు ఎరగదు. పక్కన కూర్చుని ఎలా ఉందని అడిగింది.

బాగుందని చెప్పింది నూకరత్నం. తల తేలిగ్గా ఉందట, పళ్ళు నూరుకోవడం పోయిందట. అంతటితో ఆగకుండా అసలు సంగతి చెప్పింది. ఆయన ఇప్పుడు తెల్లారింది మొదలు ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. చిన్నప్పటి ఊసులు, టీ కొట్టు కబుర్లు. మంచి మనిషే, నవ్విస్తాడు కూడా. కానీ ఎవరో చుట్టం వచ్చి మొహమాటానికి ఇంట్లో ఉంటున్నట్టుంది. రోజుకు పదిసార్లు పేరు పెట్టి పిలుస్తాడు. ఆ పేరు తనదేనని తోచదు.

"ఇదివరకు ఒకటి తిట్టి మాట మొదలెట్టేదాన్ని. ఇప్పుడు కోపం రావట్లేదు. కోపం రాకపోతే ఆయనతో మాట ఎక్కడ మొదలెట్టాలో నాకు తెలీట్లేదే," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను మరిచిపోకుండా చేసినావు నువ్వు గాని, గుర్తెట్టుకోడానికి ఆ మనిసి లేడు."

అపరంజికి ఆ థర్మామీటర్ల మనిషి భార్య ఏడుపు గుర్తొచ్చింది. తాను తెలుసుకోవాలనుకున్నది తెలుసుకుంది, దాని ఖరీదు వీళ్ళిద్దరూ చెల్లిస్తున్నారు. అమ్మ చేయి పట్టుకుంది గాని, ఏ మాట అన్నా అబద్ధమే అవుతుందనిపించింది.

వసారాలోంచి ఆచారి కేక వేశాడు. "రత్నం."

నూకరత్నం కదలలేదు. ఆయన మళ్ళీ పిలిచాడు, ఇంకాస్త గట్టిగా. ఆవిడ పందిరి మీద చిక్కుడు పూల వంక చూస్తూ కూర్చుంది. మూడోసారి పిలుపు రాలేదు. తర్వాత దాగలి మీద సుత్తి రెండు దెబ్బలు కొట్టింది.

ఆవిడ లేచిన సంగతి ఆవిడకే తెలియదనుకుంటా. చేతులు తడిగా లేకపోయినా కొంగుకు తుడుచుకుంటూ ఇంట్లోంచి నడిచింది. అపరంజి వెనకే వెళ్ళి వసారా గుమ్మం దగ్గర ఆగింది.

అమ్మవారి తొడుగు మీద గుడ్డ తీసి ఉంది. కళ్ళు దిద్దడం పూర్తయింది. ఆచారి పీట మీద కూర్చుని భార్య వైపు కాకుండా తొడుగు వైపు చూస్తున్నాడు. నూకరత్నం ముందుకు వంగి దాన్ని చేతుల్లోకి తీసుకుంది. వెలుతురుకు ఎత్తి పట్టి అటు తిప్పింది, ఇటు తిప్పింది. చాలాసేపు చూసింది.

"ఎడమ కన్ను కొంచెం వాలింది," అంది.

టీ కొట్టులో అందరి నోళ్ళూ మూయించే మనిషి, గుడి పెద్దకు ఎదురు చెప్పిన మనిషి, ఏదో అనబోయి ఆగిపోయాడు. తల వంచుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

అపరంజి ఆ చెవుల వంక చూస్తూ నిలబడిపోయింది. పోయిన వారమే గీసిన ఆయన బొమ్మ ఆమెకు కంఠతా వచ్చు. బెరుకు పుట్టే చోట ఒక్క ముడి లేదు. ఈ ఎరుపు పాదరసానిది కాదు. సీసాలోంచి వచ్చింది కాదు, మందుకు పోయేది కాదు. ఈ ఒక్క మనిషి ముందు మాత్రమే ఆయనకు వచ్చే సిగ్గు అది. నూకరత్నం కూడా చూసింది. చూసి, ఏమీ ఎరగనట్టు తొడుగును ఆయన చేతికిచ్చింది.

"ఇలగే ఉంచుతారేటి? దిద్దండి. గుడివోళ్ళొస్తే నేను మాటాడతాను," అంది. ఆ గొంతులో కోపం లేదు. కానీ వీధి చివరిదాకా వినిపించేంత గట్టిగా అంది. కూరగాయల బండివాడు ఆ కేక విని తక్కెడ సరిచూసుకున్నాడో లేదో గాని, ఆచారి మాత్రం నవ్వుకుంటూ ఉలి అందుకున్నాడు.

అపరంజి పెరట్లోకి వచ్చి మెహరున్నీసాకు ఫోన్ చేసింది. తన సొరుగులో ఉన్న సీసా బయటికి తీసి పెట్టమని, రేపటినుంచి తనకూ చుక్కలు మొదలుపెట్టమని చెప్పింది. భయం పోయిందా అని అడిగింది మెహరున్నీసా.

"పోలేదు మేడం," అంది అపరంజి. "కానీ నాకూ ఒకసారి చూడాలనుంది."

వసారాలో దాగలి మీద మళ్ళీ రెండు దెబ్బలు పడ్డాయి. ఈసారి నూకరత్నం సణుగుతూనే వెళ్ళింది.